గోడకు వేలాడిన ఇత్తడి గుండు

ఇళ్ళు కట్టే ఒక బేల్దారి మీద నాకున్న కోపం ఇంకా తగ్గలేదు. వయసు పైబడితే కోపాలు వాటంతటవే చల్లారుతాయని అందరూ అంటారు. నాకు చూపు తగ్గింది, మోకాళ్ళ బలం తగ్గింది, ఇదొక్కటే తగ్గలేదు. తగ్గాలని నేను కోరుకోనూ లేదు.

మా ఇల్లు నంద్యాలలో. ఒక గది, ముందు వసారా, వసారాలోనే ఒక మూల పొయ్యి. నాయన పోయాక ఆ ఇంట్లో అమ్మా నేనూ మిగిలాం. నేను చిన్న బడిలో పంతులమ్మను. అమ్మకు ఉబ్బసం. చలిగాలి తగిలితే చాలు, మంచం మీద లేచి కూర్చుని ఊపిరి కోసం పెనుగులాడేది. అందుకే ఆమె మంచం ఎప్పుడూ గదిలో, గాలి సోకని మూలన ఉండేది. సరిగ్గా ఆ మూల మీదే మిద్దె కారడం మొదలైంది.

మా వైపు మిద్దెలు ఎట్లా ఉంటాయో తెలియని వాళ్ళకు చెప్పాలి. కింద దూలాలు, వాటి మీద బండలు, బండల మీద మట్టి, అన్నిటికంటే పైన చవుడు. చవుడంటే ఉప్పు నేలల్లో దొరికే మన్ను. తడిస్తే బిగుసుకుపోయి చుక్క నీరు కిందికి దిగనివ్వదు. మంచి చవుడో కాదో అమ్మ నాలుక మీద పెట్టుకుని చెప్పేది. ఉప్పగా తగలాలి. లేకపోతే గంప వెనక్కి పంపేది. ఏటా వానలకు ముందు నాలుగు గంపలు పైన పరిపించుకుంటే గడిచిపోయేది. ఆ ఏడు చవుడుతో తీరే పని కాలేదు. అమ్మ మంచం పైనున్న దూలానికి చెద పట్టి ఒక పక్క కుంగింది. దూలం మార్చాలంటే బేల్దారి కావాలి.

అప్పుడే కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి కొత్తగా రాజధాని అయింది. తాపీ పట్టడం వచ్చిన ప్రతివాడూ అక్కడికే పరుగు తీశాడు. ఆఫీసులకు గోడలట, ఆఫీసర్లకు ఇళ్ళట, చేసినవాడికి చేసినంత పనట. నంద్యాలలో మిగిలినవాళ్ళ కోసం బడి వదిలాక వీధి వీధీ తిరిగాను. ఒకాయన వచ్చి చూసి, రేపు వస్తానని పోయి, నేను ఎదురుపడితే సందు మారడం మొదలుపెట్టాడు. ఇంకొకాయన దూలం కింద నిలబడి మెడ పైకెత్తి చూసి, "ఇది నాతో కాదమ్మా" అని చెప్పి పోయాడు. ఆ రోజు ఆయన్ని నేను తిట్టుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే వాళ్ళందరిలో నమ్మదగ్గ మనిషి ఆయనొక్కడే.

చివరికి ఆళ్ళగడ్డ మేస్త్రి పేరు చెప్పారు. ఒకరు కాదు, నలుగురు చెప్పారు. పని గట్టి, మాట గట్టి అన్నారు. కబురు పెడితే వచ్చాడు కూడా. దూలాన్ని వేళ్ళతో కొట్టి చూశాడు. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, ఆమె దగ్గు విని, "గాలి తగలని గది కావాల్నమ్మా నీకు" అని ఎంతో ప్రేమగా అన్నాడు. ఇద్దరు కూలీలను పెట్టుకుని ఒక్క పూటలో పైన చవుడు తవ్వించి, బండలు దింపించి, చెద పట్టిన దూలాన్ని పెరట్లో పడేయించాడు. మధ్యాహ్నానికి అమ్మ మంచం ఉండే చోట ఆకాశం కనబడింది.

పోయే ముందు సంచిలోంచి గోడ నిలువు చూసే గుండు ఒకటి తీశాడు. ఇత్తడిది, అరచేతిలో బరువుగా కూర్చునేది. దాన్ని తాడుతో సహా గదిలో గోడ మేకుకు వేలాడదీశాడు.

"ఇది మా నాయన గుండు. ఈడ పెట్టి పోతాండా. ఎల్లుండి పొద్దున్నే కొత్త దూలం తీసుకొనొస్తా."

అమ్మ ముఖం వెలిగిపోయింది. "తండ్రి గుండు పెట్టి పోయినాడు మే. ఇంక రాకుండా యాడికి పోతాడు?" అంది. ఆ సాయంత్రం ఆమె దాన్ని చింతపండు పెట్టి తోమింది కూడా. మా మెడకు వేసిన ఉరిని మేమే తళతళలాడేట్టు తోముకున్నామని అప్పుడు మాకు తెలియదు.

ఎల్లుండి రాలేదు. ఆ మరుసటి ఎల్లుండీ రాలేదు. సెలవు రోజు చూసుకుని బస్సెక్కి ఆళ్ళగడ్డ పోయాను. ఒక రైతు ఇంటి మిద్దె మీద ఉన్నాడు. కిందికి దిగకుండానే "ఎల్లుండొస్తాలేమ్మా" అన్నాడు. అట్లా ఏడుసార్లు పోయాను. ఒకసారి గోడ మీద, ఒకసారి బావి దగ్గర, ఒకసారి పాణ్యంలో ఉన్నాడంటే అక్కడికి. ఎక్కడ దొరికినా అదే మాట, అదే నవ్వు. తర్వాత తెలిసింది, వానలకు ముందు దొరికిన ఇల్లల్లా ఒప్పుకుని, ప్రతి ఇంటా ఒక గుండు వేలాడదీసి పెట్టాడని. మగవాళ్ళు వచ్చి గొంతు పట్టుకున్న ఇళ్ళు ఒక్కొక్కటే పూర్తయ్యాయి. మా ఇంట్లో గొంతు పట్టుకునే మగవాడు లేడు.

ఇంకొకరిని పిలుద్దామని అమ్మ అంది. బండి ఆత్మకూరు నుంచి ఒక ముసలి బేల్దారిని బతిమాలి తెచ్చాను. మంచివాడు, వచ్చిన వెంటనే పంచె ఎగగట్టుకున్నాడు. గదిలోకి అడుగు పెట్టి, గోడన గుండు చూసి, అక్కడే ఆగిపోయాడు.

"ఇది ఎవురు పెట్టినారమ్మా?"

చెప్పాను. పంచె మళ్ళీ దించుకున్నాడు. "గుండు యాలాడదీసిన ఇల్లు ఇంగొకడు ముట్టకూడదు. వాడే వచ్చి, వాని చేత్తోనే తీసుకోవల్ల. అది మా కట్టుబాటు."

"తీసి పెట్టెలో పెడతానప్పా. నువ్వు చూడలేదనుకో," అంది అమ్మ.

"చూసినా గదమ్మా." ఆ ముసలాయన నిజంగానే బాధపడ్డాడు. గడప దాటాక వెనక్కి తిరిగి ఇంకొక మాట చెప్పాడు. "కట్టుబాటు వానికీ ఉండాది. పని సగంలో ఇడిసిపెట్టి గుండు ఈడ ఉన్నంత కాలం, వాని సొంతింటికి మాలో ఎవుడూ తాపీ పట్టడు. అంతకన్నా నేనేం చెప్పలేను."

సొంత ఇంటికి ఆ మేస్త్రికి ఇంకొకరి తాపీ ఎందుకు? ఆ మాట అప్పుడు నేను చెవిన పెట్టలేదు. ఏడోసారి ఆళ్ళగడ్డ పోయినప్పుడు చేతులు జోడించి అడిగాను. "నువ్వు పని చెయ్యకపోతే పాయె. వచ్చి గుండు తీసుకుపో అన్నా. మేము ఇంకొకరితో చేయించుకుంటాం. మా అమ్మ వసారాలో పడుకుంటోంది."

తాపీతో సున్నం గీకుతూ నవ్వాడు. "నా పని ఇంగొకనికి ఇస్తానా? ఎల్లుండొస్తా, పోమ్మా."

నేను తిరిగి వచ్చే బస్సులో ఉండగానే వాన మొదలైంది.

పైన ఈత చాపలు కప్పాం, జొన్న సొప్ప కప్పాం. గదిలో మడమ లోతు నీళ్ళు నిలిచాయి. వసారాలో మంచం చుట్టూ గోనె పట్టాలు కట్టాను. జల్లు వాటిలోంచే కొట్టేది. ఆ వానలు, ఆ చలి, అమ్మ ఆ పట్టాల మధ్యే గడిపింది. చూడడానికి వచ్చిన మా చర్చి అయ్యగారు ప్రార్థన చేసి, మనసులో ఎవరి మీదా ద్వేషం పెట్టుకోవద్దని, ఆ మేస్త్రిని క్షమించమని చెప్పారు. అమ్మ దగ్గు ఆపుకుని, ఊపిరి తీసుకుని, "క్షమిస్తానయ్యా. ముందు మిద్దె కప్పిపొమ్మని చెప్పండి," అంది. క్రిస్మస్ దాటిన మూడో వారంలో అమ్మ పోయింది.

నేను ఆ ఇంటికి తాళం వేశాను. గుండు ముట్టుకోలేదు. మేకుకు వేలాడుతూనే ఉంది, పైన ఆకాశం కనబడుతూనే ఉంది. అమ్మను మట్టిలో పెట్టిన రోజే అనుకున్నాను, ఈ మనిషి నెత్తి మీద కప్పు లేకుండా చూస్తానని. ఎట్లా చూస్తానో నాకే తెలియదు. రెండేళ్ళకు నాకు ఆళ్ళగడ్డ బడికి బదిలీ అయింది. బదిలీ కాగితం చూసి తోటి పంతులమ్మలు అయ్యో అన్నారు. నేను మాత్రం ఆ పూట కడుపు నిండా అన్నం తిన్నాను.

ఆ ఊళ్ళో అతని ఇంటి ముందు నుంచే బడికి పోయేదాన్ని. ఒక ఏడాది పైగా ఏమీ చెయ్యలేకపోయాను. తర్వాత ఒకనాడు గోడ పని చేస్తూ నిలబడడానికి కట్టిన సారువ కట్టెల మీద నుంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడని తెలిసింది. నాకు సంతోషమైంది, దాచుకోవడం ఎందుకు? చెయ్యి అతికింది గానీ వేళ్ళు ముడుచుకుపోయాయి, తాపీ నిలవడం లేదన్నారు. ఆ ఎండాకాలంలోనే అతను తన పాత మిద్దె విప్పించాడు. తను చెయ్యలేడు కాబట్టి పాములపాడు నుంచి ఇంకొక బేల్దారిని పిలిపించుకున్నాడు. బండి ఆత్మకూరు ముసలాయన గడప దాటాక చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది.

నేను తొందరపడలేదు. బండలన్నీ కిందికి దిగేదాకా ఆగాను. అప్పుడు పోయి వీధిలో నిలబడి, గోడ మీదున్న పాములపాడు మనిషిని పిలిచాను. "అన్నా, ఈ మేస్త్రి గుండు నంద్యాలలో మా ఇంట్లో వేలాడుతోంది. మిద్దె విప్పి పోయినాడు, కప్పలేదు. నీకు తెలుసునా?"

అతను నన్ను చూశాడు, లోపల నిలబడ్డ మేస్త్రిని చూశాడు. "నిజమేనా?" అని అడిగాడు. మేస్త్రి తల దించుకున్నాడు. పాములపాడు మనిషి కిందికి దిగి, తొట్టిలో తాపీ కడుక్కుని, సంచి భుజాన వేసుకుని బస్టాండు దారి పట్టాడు. నా జీవితంలో అంత ఇంపైన చప్పుడు వినలేదు, ఆ తాపీ కడిగిన చప్పుడు.

మరుసటి రోజు మేస్త్రి బడి దగ్గరికి వచ్చాడు. "టీచరమ్మా, నంద్యాలకొచ్చి గుండు తీసుకుంటా. తాళం తియ్యమ్మా."

"ఎల్లుండి రా," అన్నాను.

వచ్చాడు. ఎల్లుండి రమ్మన్నాను. మళ్ళీ వచ్చాడు. బడి అరుగు మీద కూర్చుని ఎదురు చూసేవాడు. నేను ఎక్కాలు చెప్పించడం అయ్యేదాకా లేచేదాన్ని కాదు. ఆరుసార్లు అట్లా తిప్పాను. ఈలోగా వానలు వచ్చాయి. అతని ఇంటి మీద కూడా ఈత చాపలు కప్పారు, జొన్న సొప్ప కప్పారు. దారిన పోతూ చూసి, నీళ్ళు ఎక్కడెక్కడ దిగుతున్నాయో లెక్కపెట్టుకుని బడికి పోయేదాన్ని. అతని భార్య నన్ను చూసి తలుపు వేసుకునేది. ఆమె మీద జాలి కలిగేది. అయినా ఎల్లుండి అనడం మానలేదు.

ఏడోసారి నిజం చెప్పాను. "మా గది మిద్దె కప్పు. కప్పినాక నీ చేత్తో గుండు తీసుకో. మీ కట్టుబాటు అదే కదా."

"ఆ ఇంట్లో ఇప్పుడు ఎవురుండారమ్మా?"

"ఎవరూ లేరు."

"మరి ఎవురికి కప్పేది?"

"మా అమ్మకు."

అతను తన కుడి చేతిని చూసుకున్నాడు. తర్వాత సరేనన్నాడు.

మరుసటి ఎండాకాలం సెలవులకు నేను నంద్యాల వచ్చి తాళం తీశాను. అతను ఇద్దరు కూలీలతో వచ్చాడు. మొయ్యడం వాళ్ళు మోశారు, పని మాత్రం అతనే చేశాడు, ఎడమ చేత్తో. దూలం కూర్చోబెట్టడానికే వారం పట్టింది. నేను వసారాలో అమ్మ మంచం మీద కూర్చుని చూశాను. మజ్జిగ ఇవ్వలేదు. కుండ దగ్గర చెంబు పెట్టి ఊరుకున్నాను. చవుడు బండి వచ్చినప్పుడు లేచి పోయి చిటికెడు నాలుక మీద వేసుకున్నాను. చప్పగా ఉంది, వెనక్కి పంపాను. రెండో బండి ఉప్పగానే ఉంది. అదీ వెనక్కి పంపాను. అతనికీ తెలుసు, అతనూ రుచి చూశాడు. మూడో బండికి మనిషిని పంపాడు.

నలభై రోజులకు పని అయింది. అతను గదిలోకి పోయి మేకు నుంచి గుండు తీసుకున్నాడు. చిలుము పట్టి పచ్చగా అయింది. తాడు చెయ్యి తగలగానే పొడిపొడిగా రాలిపోయింది. దాన్ని పంచెతో తుడిచి, "ఇంక మనసులో పెట్టుకోవాకు తల్లీ," అన్నాడు. అతను వాకిలి దాటేదాకా చూసి తలుపు వేశాను.

బడి తెరవడానికి నాలుగు రోజులుందనగా ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. అమ్మ మంచాన్ని వసారాలోంచి గదిలోకి ఈడ్చుకుపోయి పాత మూలన వేశాను. ఉతికిన దుప్పటి పరిచాను. వాన రెండు గంటలు ఆగకుండా కొట్టింది. నేను నేల మీద కూర్చుని ఆ దుప్పటిని మళ్ళీ మళ్ళీ తడిమి చూశాను. చుక్క పడలేదు. గాలి కూడా సోకలేదు. అయ్యగారితో అన్న మాట ప్రకారం అమ్మ అతణ్ణి ఆ మధ్యాహ్నం క్షమించి ఉంటుంది. నేను ఎవరికీ మాట ఇవ్వలేదు. ఆ పొడి దుప్పటి మీద చెయ్యి పెట్టినకొద్దీ నాకు కడుపు మండింది. ఇంతేనా పని? ఒక్క ఎడమ చేత్తో నలభై రోజులు పట్టింది. ఆ ఏడు అతనికి రెండు చేతులూ ఉన్నాయి, నాలుగు రోజుల్లో అయిపోయేది.