మధ్యలో ఆగని ఆల్బమ్‌లు

ఎవరైనా నాకు ఫలానా ఆల్బమ్ వినమని చెబితే నేను అడిగేది ఒక్కటే: మధ్యలో ఆగుతుందా? ఏ దేశం వాళ్లు చేశారు, అట్ట మీద బొమ్మేమిటి, ఇవన్నీ నాకు అనవసరం. దరువు మొదలైందంటే చివరిదాకా ఆగకూడదు.

ఈ పిచ్చి అంటించింది మా తమ్ముడు. తడ దగ్గర ఫ్యాక్టరీలో పని. షిఫ్టులో కునుకు పట్టకుండా వాడు వినేవి హార్డ్ టెక్నో, హార్డ్‌కోర్, గ్యాబర్ అనే రకాలు. మాటలుండవు, మిషను దరువు మాత్రం దడదడమంటూ గంటసేపు పరిగెడుతుంది. "అక్కా, ఇది ఇను, దిమ్మ తిరిగిపోద్ది" అని లింకులు పంపేవాడు. నేను ఒక్క నిమిషం విని, తలనొప్పి మాత్ర వేసుకుని, "బాగుందిరా" అని అబద్ధం రాసేదాన్ని.

మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు నాలుగో నెలలో గూడూరుకి స్కానింగుకి వెళ్లాను. డాక్టరమ్మ నా పొట్ట మీద మిషను పెట్టి చాలాసేపు వెతికింది. స్పీకరులో గరగర తప్ప ఏమీ రాలేదు. ఆమె నోరు తెరవకముందే నాకు తెలిసిపోయింది. ఇప్పటికీ ఆ గరగర నాకు పడదు. రేడియో స్టేషను సరిగ్గా తగలకపోయినా లేచి కట్టేస్తాను.

రెండోసారి మూడో నెలలో గుండె చప్పుడు వినిపించింది. "నిమిషానికి నూట యాభై. బాగుందమ్మా" అంది డాక్టరమ్మ. దడదడదడ. ఎక్కడో విన్నానే అనుకున్నాను. బస్సెక్కి కూర్చున్నాక తట్టింది, అవి మా తమ్ముడి పాటలు!

ఇల్లు చేరగానే ఫోన్ చేశాను. "ఒరే, నిమిషానికి నూట యాభై దెబ్బలు పడే ఆల్బమ్‌లు ఏముండాయి?" వాడు ఎగిరి గంతేశాడు. ఎందుకని అడగలేదు. అడిగుంటే ఏడ్చేసేదాన్ని.

మళ్లీ స్కానింగు నాలుగో నెలలో. అప్పటిదాకా లోపల ఏం జరుగుతుందో తెలిసే దారి లేదు. బిడ్డ కదలికలు తెలిసే రోజులు ఇంకా రాలేదు. అందుకని చెవుల్లో దరువు పెట్టుకుని, మాటిమాటికీ పొట్ట మీద చేయి వేసుకుంటూ ఇంటి పని చేసుకునేదాన్ని. ఇది వినిపిస్తున్నంతసేపూ లోపల ఆ గుండె కూడా కొట్టుకుంటూ ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. వెర్రితనమని తెలుసు. తెలిసినా మానలేదు.

వాడు పంపిన మొదటి ఆల్బమ్ జర్మనీ వాళ్లదట. నాలుగో పాటలో దరువు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎక్కడో గాలి వీస్తున్న చప్పుడు, అంతే. తోముతున్న చేప చేతిలోంచి జారి బూడిదలో పడింది. కాసేపటికి దరువు రెట్టింపు జోరుగా తిరిగి వచ్చిందిగానీ, అప్పటికే ఇయర్‌ఫోన్లు పీకేసి వాడిని తిడుతున్నాను.

"అది బ్రేక్‌డౌన్ అక్కా. ఆపి మళ్లీ కొడితేనే గదా మజా!"

"నీ మజా తగలెయ్య. ఆగనిది పంపు."

పాపం, వెతికాడు. హాలెండు వాళ్ల గ్యాబర్ ఒకటి పంపాడు. అది ఆగదుగానీ మరీ వేగం, వింటుంటే బిడ్డ ఆయాసపడుతున్నట్టు అనిపించి తీసేశాను. జపాను అమ్మాయి ఒకామె చేసినదాంట్లో మాత్రం పాటకీ పాటకీ మధ్య సందే లేదు, చీర అంచు కుట్టినట్టు కలిపేసింది. నన్నడిగితే అదే వినమంటాను.

మా అత్తకి ఈ గోల గిట్టలేదు. "కడుపుతో ఉండి ఏందమ్మే ఆ దడదడ? బిడ్డ అదిరి పడదా?" అని సణిగేది. కొడుకు సముద్రం మీదికి వేటకి పోయిన రోజు పడవ కనబడేదాకా ఒడ్డున నిలబడే మనిషి, నా భయం ఆమెకి తెలియదా అని నాకు ఒళ్లు మండేది. అయినా కారణం చెప్పలేదు. చెప్పాలంటే ఆ మాట నా నోటితో అనాలి.

నాలుగో నెలలో అత్తే తోడు వచ్చింది. అదే గది, అదే బల్ల. డాక్టరమ్మ మిషను పెట్టింది. గరగర. కొంచెం పక్కకి జరిపింది. మళ్లీ గరగర. "బిడ్డ తిరిగినట్టుంది. ఊపిరి బిగబట్టొద్దమ్మా" అంది. నేను అత్త చెయ్యి పట్టుకున్నాను. గోళ్లు దిగే ఉంటాయి, ఆమె కదల్లేదు.

అప్పుడు వచ్చింది. నేను విన్న ఏ ఆల్బమ్‌లాగానూ లేదు. మెత్తగా, తడిగా, ఉరుకులు పెడుతూ వచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు. డాక్టరమ్మ అంతా బాగుందని చెప్పి మిషను తీసేసింది. గదిలో చప్పుడు ఆగిపోయింది.

"తియ్యొద్దు మేడం!" అని అరిచాను. "మీరు తీసేసినా కొట్టుకుంటా ఉంటది గదా?"

డాక్టరమ్మ నవ్వింది. అత్త నవ్వలేదు. నా మెడలో వేలాడుతున్న ఇయర్‌ఫోన్ల వైపు చూసింది, నా వైపు చూసింది. నా పొట్ట మీది జిగురు తుడుస్తూ మెల్లగా అంది, "నీ గుండె ఎవురు ఇంటా ఉండారని కొట్టుకుంటా ఉండాదే, పిచ్చిదానా?"

ఆమె అన్నది నిజమే. బస్సు గూడూరు పక్కనే ఉన్న చిల్లకూరు చేరేదాకా ఆ మాటని నమ్మగలిగాను. చిల్లకూరు దాటాక ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను.