కింద నాలుగు గీతలు

కొత్త తువ్వాలును మొదటిసారి వేడి సబ్బునీళ్లలో ముంచినప్పుడు ఒక వాసన వస్తుంది. గంజి, తడిసిన నూలు, ఇంకాస్త రంగు మందు వాసన కలిసి ఉంటాయి. నెలకొక ఆదివారం పొద్దున, హోట్గి రోడ్ వైపు ఒక కాలనీ లైబ్రరీలో, పిల్లల చేత స్టీలు గ్లాసులు వరసగా పెట్టించి ఆ వాసన మధ్య నిలబడతాను. నేను సైన్సు చదివినదాన్ని కాదు, తువ్వాళ్లూ చద్దర్లూ అమ్ముకునేదాన్ని. అయినా పిల్లలు నన్ను మేడం అంటారు. ఆ పిలుపు న్యాయంగా నర్సక్కకు చెందాలి. ఆమె పోయి మూడేళ్లయింది. మరాఠీ కలిసిన తెలుగు మాట్లాడే నేతగాళ్ల పేట, దాజీ పేట్‌లో మేడమీద ఉన్న చిన్న లైబ్రరీని ఆమె ఒక్కతే నడిపేది. ఆమెను చూడనివాళ్లకు చెప్పడానికి పెద్ద సంగతులేమీ లేవు. పొట్టి మనిషి. కళ్లజోడు పుల్ల విరిగితే బీడీలు కట్టే దారంతో చుట్టుకుని అలాగే ఏళ్ల తరబడి వాడింది. ఇరవై ఏళ్లు వచ్చేదాకా తల్లి పక్కన కూర్చుని బీడీలు చుట్టిన వేళ్లు ఆమెవి. పుస్తకం పేజీ తిప్పినా ఆకు సవరిస్తున్నట్టే ఉండేది.

నేను పెరిగింది దుకాణదారుల మధ్య. నాన్నది తువ్వాళ్ల దుకాణం, పెదనాన్నది కిరాణా, మేనమామది స్టీలు సామాన్లు. మా ఇంట్లో అన్నం వడ్డన కూడా బేరంలాగే సాగేది. అమ్మ గరిటెడు పెట్టబోతే సగం దగ్గర మొదలుపెట్టి ముప్పావు దగ్గర తేల్చుకునేదాన్ని. నాకు పన్నెండేళ్లప్పుడు, దుకాణంలో సరుకు చుట్టి ఇవ్వడానికి పాత పేపర్లు కావలసివచ్చి నర్సక్క దగ్గరికి వెళ్లాను. ఊరికే అడగడం మా వంశంలో లేదు కనుక సుతిలి ఉండ ఒకటి చేతిలో పట్టుకెళ్లాను.

"అక్కా, పాత పేపర్లు ఉన్నయా? బదులు సుతిలి ఇస్త. గట్టి సుతిలి."

"నాకెందుకే సుతిలి? కట్టేసేటందుకు ఈడ ఎవ్వరు పారిపోతలేరు," అంది నర్సక్క రిజిస్టరులోంచి తల ఎత్తకుండా. "పేపర్ల కట్టకు ఒక ఆదివారం. వచ్చి కూసోవాలె."

"కూసోని ఏం చెయ్యాలె?"

"చేతులు తడుపుకోవాలె."

"మూడు కట్టలకు ఒక ఆదివారం."

అప్పుడు తల ఎత్తింది. "పోరి పక్కా సేటమ్మ ఉన్నదే! రెండు కట్టలు. బస్, ఇగ మాట్లాడకు."

గెలిచానన్న సంతోషంతో మెట్లు దిగాను. ఆ పేపర్లు ఎవరడిగినా ఆమె ఊరికే ఇచ్చేదని తెలిసేసరికి నేను పదకొండు ఆదివారాలు కూర్చున్నాను. నా జీవితంలో నేను చేసిన బేరాలన్నిటిలో అంత సాఫీగా మోసపోయినది ఇంకొకటి లేదు.

ఆదివారాల పద్ధతి ఇది. పుస్తకాల బీరువాలు గోడకు జరిపి, మధ్యలో రెండు బల్లలు వేసేది. పక్క గదిలో మరమగ్గాలు నడుస్తుంటే గ్లాసుల్లో నీళ్లు వణికేవి. ఏ ప్రయోగమైనా చేసేముందు ఏం జరుగుతుందనుకుంటున్నామో పెద్ద గీతల బుక్కులో మా చేత రాయించేది. పెన్నుతోనే రాయాలి. పెన్సిలు పట్టనిచ్చేది కాదు. మొదటి ఆదివారం ప్రశ్న, సూది నీళ్లమీద తేలుతుందా మునుగుతుందా అని. ఇనుము సంగతి నాకు తెలియదా అన్న ధీమాతో మునుగుతుందని రాశాను. ఆమె సూదిని చిన్న కాగితం ముక్క మీద పెట్టి నీళ్లపైకి వదిలింది. కాగితం నానిపోయి మునిగింది, సూది తేలింది. ఒక్క సబ్బు చుక్క వేయగానే అదీ మునిగింది.

"అక్కా, ఆఖరికి మునిగింది గదా. నేను రాసింది సగమన్న కరెక్టే," అన్నాను.

"సబ్బు ఏస్తే అని రాసినవా?"

"మనసుల అనుకున్న."

"మనసుల అనుకున్నది మనసులనే పెట్టుకో, బుక్కుల ఉన్నదే బుక్కు," అని, జరిగింది జరిగినట్టు రాయించింది. ప్రతి ఫలితం కింద నాలుగు గీతలు ఖాళీగా వదిలించేది. కాగితం దండగ కదా అని నేను అడగకుండా ఉండగలనా? "రేపు మళ్ళ చేస్తే వేరే తీరుగ వస్తె? దానికి జాగ ఉండాలె గదనే," అంది.

మరుసటి సంవత్సరం ఎండాకాలంలో రంగుల పరీక్ష పెట్టింది. ఎవరింటి తువ్వాలు ముక్క వాళ్లు తేవాలి. అరచేతి వెడల్పుతో, అంచు వదలకుండా కత్తిరించాలి. ముక్కను తెల్లగుడ్డ మీద పెట్టి గట్టిగా చుట్టి, వేడి సబ్బునీళ్లలో అరగంట ఉంచితే, తెల్లగుడ్డకు రంగు అంటిందా లేదా తేలిపోతుంది. సంగతి విన్న నాన్న ఎంతో హుషారుగా తానే కత్తెర పట్టుకుని, కొత్తగా దిగిన ఎర్ర గళ్ల సరుకులోంచి ముక్క కత్తిరించి ఇచ్చాడు. మా దుకాణం ముందు "పక్కా రంగు" అని బోర్డు ఉండేది. నాన్నకు తెలియనిది ఒకటి ఉంది. రెండు రోజుల ముందు ఆ సరుకులో ఒక తువ్వాలును అమ్మ బకెట్లో నానేస్తే నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. ఆ బకెట్ మోరీలో గుమ్మరించి, "మీ నాయినకు చెప్పకు, సరుకంత దింపుకున్నడు," అంది అమ్మ. కనుక ఆ ఆదివారం లైబ్రరీ మెట్లు ఎక్కిన పిల్లల్లో ఫలితం ముందే తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. బుక్కులో మాత్రం "మా రంగు దిగదు" అని అందంగా రాశాను.

నర్సక్క ఒక్కొక్క ముక్కనూ తెల్లగుడ్డతో కలిపి బీడీ చుట్టినట్టే చుట్టింది. చివర్లు వేలితో లోపలికి మడిచి, బీడీ దారంతో రెండు చుట్లు వేసింది. బల్లమీద అంటించిన పేరు చీటీల ముందు ఎవరి గ్లాసు వాళ్లకు పెట్టింది. నా పక్క చీటీ పద్మది. వాళ్ల నాన్న వీరేశం నేతగాడు, నూలుకు రంగు కూడా ఇంట్లోనే వేసుకునేవాడు. వాళ్లదీ ఎర్ర గళ్లదే. నర్సక్క కిరోసిన్ స్టవ్ మీద నీళ్లు చూడటానికి వెనక్కి తిరిగింది. నేను రెండు గ్లాసులూ అటుది ఇటు, ఇటుది అటు మార్చాను. దుకాణాల మధ్య పెరిగిన చెయ్యి, తడబడలేదు.

చుట్టలు విప్పే వేళకు రాజేశం సేటు తన కూతురిని తీసుకుపోవడానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వీరేశం నేసేది ఆయనకే. పెద్ద చద్దర్ల పని ఆ వారం ఎవరి మగ్గానికి ఇస్తాడో అని దాజీ పేట్ అంతా ఎదురుచూస్తున్న రోజులవి. పద్మ చీటీ ముందున్న చుట్ట విప్పితే తెల్లగుడ్డ ఎర్రగా మరకలు కట్టి ఉంది.

"అగో, పద్మోళ్లది దిగింది!" అని పిల్లలు అరిచారు.

సేటు లోపలికి ఒక అడుగు వేసి చూశాడు. "వీరేశం రంగు గిట్ల దిగుతదా? బరే ఝాలే, మంచిగైంది, ఇయ్యాల్నే తెలిసింది," అన్నాడు.

నా చీటీ ముందున్న చుట్ట విప్పితే గుడ్డకు మరక లేదు. నా ఎదుట ఉన్న తెల్లటి గుడ్డను చూస్తూ, అది నాదే అని నన్ను నేను నమ్మించుకునే పనిలో ఉన్నాను.

పద్మ ఏడవలేదు. తడి ముక్కను తీసుకుని, గళ్ల వైపు చూడనే చూడకుండా, అంచును గోటితో తడిమింది. "అక్కా, ఇది మాది కాదు. మా బాపు అంచుకు రెండు పసుపు పోగులు ఏస్తడు. దీనికి లేవు."

అంతే, పేటలోని నేతగాళ్ల పిల్లలంతా నా ముందున్న ముక్కమీద వాలారు. రెండు పసుపు పోగులు, పక్కపక్కనే, గుడ్డ ఉన్నంత పొడవునా ఉన్నాయి. ఎవరి మగ్గం గుడ్డ ఎవరిదో కలిసిపోకుండా అక్కడ ప్రతి ఇంటికీ ఒక అంచు పోగు ఉండేది. అది ఆ గదిలో ఐదేళ్ల పిల్లకు కూడా తెలుసు. పుట్టినప్పటినుంచీ తువ్వాళ్ల మధ్య పెరిగిన నాకు తెలియదు. బరువు చూడటం, మెత్తదనం చూడటం, కొనేవాడి మొహం చూడటం నేర్చాను. అంచు ఎవరూ చూపించలేదు, నేనూ చూడలేదు. అంచు వదలకుండా కత్తిరించమని నర్సక్క ఎందుకందో అప్పుడు అర్థమైంది.

ఆమె నా వైపు చూడలేదు. "గ్లాసులు ఎవరు జరిపిన్రని నేను అడగ. మళ్ళ చేస్తం," అంది. సేటు కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లబోయాడు. "సగం చూసి పోవద్దు సేటు. జర థాంబు, ఆగు, ఆ స్టూలు మీద కూసో." ఆయన కూర్చున్నాడు. ఆమె గొంతు పెంచడం నేను ఎన్నడూ వినలేదు, అయినా ఎవరైనా కూర్చునేవారు.

కొత్త నీళ్లు కాగుతుండగా నేను బీరువా పక్కకు వెళ్లి, ఆమె చెవిలో బేరం మొదలుపెట్టాను. "అక్కా, మా దుకాణం పేరు రాయకుండ, ఒక ఎర్ర ముక్క అని రాస్తె?"

"రాస్త. పద్మోళ్లది గూడ ఒక ఎర్ర ముక్క అనే రాస్త. ఒక ముక్క దిగింది, ఇంకో ముక్క దిగలే. సేటు ఇంటికి పోయి ఏది ఎవరిదనుకుంటడు?"

"పోనీ పద్మోళ్ల పేరొక్కటి రాయి. నాది వదిలెయ్."

"ఇంక?"

రెండోసారి చుట్టలు విప్పినప్పుడు ఎవరి ముక్క దగ్గర వాళ్లు నిలబడ్డారు. పద్మ గుడ్డ తెల్లగా ఉంది. నర్సక్క పెన్ను నా చేతికిచ్చింది. మా దుకాణం పేరు రాసి, రంగు దిగింది అని రాసి, కింద నాలుగు గీతలు వదిలాను. సేటు స్టూలు మీదినుంచి లేచి పద్మ ముక్కను వెలుతురుకు పట్టి చూసి, జేబులో వేసుకుని వెళ్లాడు. చద్దర్ల పని వీరేశానికే వెళ్లింది. పద్మ మళ్లీ నాతో మాట్లాడటానికి దసరా దాకా పట్టింది.

మరునాడు నాన్న లైబ్రరీకి వచ్చాడు. నేను వెనకాల ఉన్నాను. "చెల్లె, పిల్లల ఆటల మా దుకాణం పేరెందుకు? ఆ ఒక్క పేజీ చింపెయ్. నీకు కొత్త బుక్కే తెచ్చిస్త."

"బుక్కు మస్తుగున్నదన్నా."

"సరే, చింపకు. ఆ పేరు మీద ఇంకు కొట్టెయ్."

"చెరప. సరుకు మార్చి ముక్క తెచ్చియ్యి. పిల్లల ముందట మళ్ళ చేస్త. దిగకపోతే కింద రాస్త. జాగ ఉంచిన."

నాన్న ఆ ఖాళీ గీతల్ని వేలితో లెక్కపెట్టి మెట్లు దిగాడు. ఆయన బేరంలో ఓడిపోవడం నేను చూసింది అదే మొదలు. సరుకు వాపసు పంపి, కొత్తది రావడానికి నెల పట్టింది. ఆ నెలంతా బోర్డు గోడకు తిప్పి పెట్టాడు. తర్వాత ముక్క పట్టుకుని తానే మెట్లు ఎక్కి, అరగంటా గ్లాసు ముందే కూర్చున్నాడు. రంగు దిగలేదు. నాలుగు గీతల్లో రెండు నిండాయి. పైన నా చేతిరాత అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు దుకాణం నాది. సరుకు ఎవరు తెచ్చినా ముందు అంచు చూస్తాను. మనుషుల విషయంలో అంత జాగ్రత్త ఉందని చెప్పలేను. పోయిన ఆదివారం పిల్లలు మా దుకాణం కొత్త మెరూన్ సరుకు పరీక్షించారు. చుట్ట విప్పిన అమ్మాయి తెల్లగుడ్డను చూసి, తర్వాత నా మొహం చూసింది.

"మేడం, మీది దిగింది. ఏం రాయాలె?"

నీళ్లు ఎక్కువ కాగాయేమో, సబ్బు ఘాటు ఎక్కువేమో, గుడ్డ పాతదేమో అని మూడు మాటలు వరసగా నాలుక మీదికి వచ్చాయి. మూడూ మంచి మాటలే, దుకాణంలో అయితే ఏదో ఒకటి చెల్లేది. అమ్మాయి పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది.

"మా దుకాణం పేరు రాయి. దిగింది అని రాయి. కింద నాలుగు గీతలు వదులు."

"రెండు చాలు కదా మేడం, కాగితం వేస్టు."

"నాలుగు," అన్నాను.

"మూడు?"

పిల్లకు మంచి భవిష్యత్తు ఉంది. అయినా నేను దిగలేదు.