నిప్పు రాలని సాన

ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో ఎవరైనా నన్ను పలకరిస్తే నాకదే పండగ. ఆదోనిలో మా మామకు ఇనుప సామాన్ల అంగడి ఉండేది. డిగ్రీ అయిపోయి ఖాళీగా తిరుగుతున్న నన్ను (దేవనకొండ దగ్గర మా పల్లెలో తిరగడానికి పెద్దగా వీధులు కూడా లేవు, అయినా తిరిగేవాణ్ణి) ఏదో ఒక దారిలో పెట్టాలని ఆయన ఫోన్‌లో వీడియోలు చూసీ చూసీ, నిదానంగా తిరిగే సాన మిషన్ ఒకటి తెప్పించాడు. ఎమ్మిగనూరులో చిన్న గది బాడుగకు తీసుకుని నన్ను దాని ముందు కూర్చోబెట్టాడు. "ఇట్లాంటి మిషను ఈ సుట్టుపక్కల యాడా ల్యాదు. జనం ఎగబడతారు సూడు" అని చెప్పి ఆదోని బస్సెక్కాడు. జనం ఎగబడలేదు.

ఆ మిషన్‌లో తప్పేమీ లేదు, అదే దాని తప్పు. ఒక పక్క రాతి చక్రం, సగం నీళ్లలో మునిగి తిరుగుతుంది. మొద్దుబారిన కత్తికి గరుకు రాయి, ఆ తర్వాత అది తీసి సన్నరాయి బిగించాలి. ఇంకో పక్క తోలు చక్రం, చివరి మెరుగు దాని మీద. నిదానంగా తిరుగుతుంది కాబట్టి కత్తి వేడెక్కదు, ఉక్కు చెడదు. ఇదంతా నిజమే. కానీ మావాళ్లకు సాన అంటే సైకిలు మీద వచ్చే మనిషి. ఆయన తొక్కుతుంటే చక్రం కీచుమని అరవాలి, నిప్పురవ్వలు చిమ్మాలి, పిల్లలు మూగాలి. నా మిషన్ గుడగుడమని నీళ్లు తాగేది, అంతే. "నిప్పు రాలకుండా పదునెట్లొస్తాదప్పా?" అని మటన్ అంగడాయన తన కత్తి తాను తీసుకుని పోయాడు. ఎదురు టీ కొట్టాయన నా మీద జాలిపడి, "కరెంటు తక్కువొస్తాండాదేమోన్నా, లైన్‌మ్యాన్‌కు సెప్పు" అన్నాడు. ఒకావిడ చాలాసేపు నిలబడి చూసి, "కత్తికి సాన పడతాండావా, కడుగుతాండావా?" అని అడిగింది. ఆమెకు ఉక్కు గురించి మొదటినుంచీ వివరించబోయాను. నేను తోలు చక్రం దగ్గరికి వచ్చేసరికి ఆమె వీధి చివరికి చేరుకుంది.

పని లేనివాడు ఏం చేస్తాడు? నా కత్తులకే నేను సాన పట్టుకునేవాణ్ణి. పదును చూడటానికి ముంజేతి మీద వెంట్రుకలు గీసుకునేవాణ్ణి. పండక్కి ఊరికి పోతే మా అవ్వ నా ఎడమ చెయ్యి పట్టుకుని, "ఏం రోగమొచ్చిందిరా నాయనా, కోడిని పీకినట్లుండాది" అని గోలగోల చేసింది. నవ్వులాటకు చెబుతున్నాను గానీ, ఎమ్మిగనూరులో నాకు ఎవరూ లేరు. స్నేహితులు హైదరాబాదులో, బెంగళూరులో ఉద్యోగాల్లో పడ్డారు. నేను ఇంత పొడుగు మెసేజి పెడితే వాళ్లు బొటనవేలి బొమ్మ ఒకటి పంపేవారు. సాయంత్రం షట్టర్ దించి, ఆ రోజంతా నేను మాట్లాడిందేమిటని గుర్తు చేసుకుంటే "ఒక టీ" అన్న మాట ఒక్కటే తేలేది. ఏడుపొచ్చేది.

అట్లాంటప్పుడు వచ్చింది ఖాలా, బుర్ఖా వేసుకున్న పెద్దావిడ (ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, నేనట్లనే పిలిచేవాణ్ణి). ఆదోని మనిషి, కూతురి దగ్గర ఉండటానికి కొత్తగా ఎమ్మిగనూరు వచ్చింది. కూతురూ అల్లుడూ పొద్దున్నే బట్టల అంగడికి పోతే ఇంట్లో ఆమె ఒక్కతే. గుడ్డలో చుట్టిన ఉల్లిగడ్డల కత్తి నా చేతికిచ్చి, "ఎంతసేపు పడతాది బేటా?" అంది. కొంచెం ఎక్కువే పడుతుందని భయపడుతూ చెప్పాను. "పడనీలే, నాకేం పనుండాది" అని స్టూలు మీద కూర్చుంది. చక్రం తిరుగుతున్నంతసేపూ ఆదోని గురించి చెప్పింది. పక్కింటామెతో వాకిట్లో మురుగు పారే మోరీ నీళ్ల గురించి ఏళ్లకేళ్లు కొట్లాడిందట. "ఈడ కొట్లాడేకి గూడ ఎవరూ ల్యారు బేటా" అంది. నేను మా సెనక్కాయ చేను గురించి, మా అవ్వ గురించి చెప్పాను. ఆ రోజు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. తర్వాతి వారం ఇంకో కత్తి తెచ్చింది. ఆ తర్వాత కత్తిపీట. ఇంట్లో ఉన్నవన్నీ అయిపోయాక మళ్లీ ఆ ఉల్లిగడ్డల కత్తే తెచ్చింది. నేనేమో నా పనితనానికి మురిసిపోయి వస్తోందనుకున్నాను.

అక్కడే కొంప ముంచుకున్నాను. ఒకరోజు తోలు చక్రం మీద ఆఖరి మెరుగు పెట్టి, పేపరు ముక్క ఒకటి గాల్లో పట్టుకుని సర్రున కోసి చూపించాను. "సూసినారా ఖాలా! ఇది ఆ సైకిలాయన పదును కాదు. ఆర్నెల్ల దాకా దీనికి సాన అక్కర్ల్యా. మీరు ఎండలో ఇంత దూరం నడిసొచ్చే పనే ల్యాదు ఇంక!" ఖాలా ముఖం చిన్నబోయింది. "ఆర్నెల్లా?" అంది. కత్తిని గుడ్డలో చుట్టుకుంది. "మంచిది బేటా" అని లేచి వెళ్లిపోయింది.

మరుసటి వారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. బుర్ఖా వేసుకున్న మనిషి ఎవరు కనబడినా లేచి నిలబడేవాణ్ణి. ఖాళీ స్టూలు చూసి చూసి, నా మట్టిబుర్రకు అప్పటికి వెలిగింది. ఆమె తెచ్చింది కత్తి కాదు, పొద్దుపోని పగలు. పని బాగా చేసి ఉన్న ఒక్క మనిషినీ తరిమేసిన వ్యాపారి ఎమ్మిగనూరులో నేనొక్కణ్ణే ఉంటాను. వెళ్లి పిలుద్దామంటే ఇల్లెక్కడో తెలియదు.

నెల దాటాక ఒక మధ్యాహ్నం వచ్చింది. నా వైపు చూడకుండా గుడ్డ విప్పి, "పదును పోయినాది బేటా" అంది. తీసి చూశాను. అంచు గరిటె అంచులా ఉంది. రెండు పక్కలా ఏటవాలుగా, వరసగా గీతలు. గీతల్లో నాపరాయి పొడి. ఏ గడప మెట్టు మీదో ఓపికగా కూర్చుని, అటు తిప్పీ ఇటు తిప్పీ రాతికి రుద్దిన కత్తి అది. ఎట్ల పోయినాది ఖాలా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. డాక్టరు ఎక్స్‌రే చూసినట్లు కత్తిని వెలుతురుకు పెట్టి తల ఊపాను.

"నేనే పొరబాటు పడినా ఖాలా. ఈ ఇనుము మంచిది కాదు. పదును నిలవదు దీనికి. వారానికొకతూరి తేవాల" అన్నాను.

ఖాలా అప్పుడు తలెత్తి నన్ను చూసింది. "నేను గూడ అట్లనే అనుకుంటి బేటా, ఇనుమే మంచిది కాదని" అంది. స్టూలు తనే లాక్కుని కూర్చుని, "పొద్దున ఏం తింటివి?" అని అడిగింది. నేను గరుకు రాయి బిగించాను. అది అంత నిదానంగా తిరుగుతున్నందుకు మొదటిసారి సంతోషించాను.

ఆ అంగడి ఎందుకు సాగలేదో మామకు ఇప్పటికీ అంతుపట్టదు. ఇప్పుడు నేను వేరే ఊళ్లో వేరే ఉద్యోగంలో ఉన్నాను, రోజంతా మాట్లాడే పనే. బుర్ఖా కనబడగానే లేచి నిలబడే ఆ కుర్రాణ్ణి తలచుకుంటే జాలీ వేస్తుంది, నవ్వూ వస్తుంది. ఒక మనిషి కోసం అంతగా ఎదురుచూసి ఎంత కాలమైందో కదా అనిపిస్తుంది. ఆ కత్తి మాత్రం మేలైన ఉక్కు. అంగడి మూసేదాకా మేమిద్దరం వారం వారం కూర్చుని దాన్ని తిట్టాం.