బందరులో షావుకారుగారి పాత కొట్టు

పంతొమ్మిదివందల యాభైల చివర్లో మా కంపెనీ ఎరువుల కోసం ఒక గోడౌను చూడటానికి అనంతపురం నుంచి బందరు వెళ్లాను. ఒక పాత కొట్టు ముందు దాని యజమాని కోసం గంట నుంచి ఎదురుచూస్తున్నాను. గుడివాడ బస్సు వెళ్లిపోతుందేమోనని కాలు నిలవడం లేదు. తలుపు తెరిచే ఉంది కదా అని లోపలికి అడుగు వేయబోయాను.

"బూట్లు విప్పండి బాబుగారూ," అంది లోపల ఊడుస్తున్న ముసలామె. పేరు మార్తమ్మట.

"ఖాళీ కొట్టేగా!" అన్నాను విసుగ్గా.

"ఇది బట్టల కొట్టండి. పెడన నుంచి అద్దకం చీరలొచ్చేవి. నా పడుచుతనంలో వచ్చిన తుఫానుకి మా ప్రార్థన మందిరం కూలిపోతే, పెద్ద షావుకారుగారు చీరలన్నీ ఇంటికి పంపించేసి ఈ కొట్టు మాకిచ్చారండి. మూడేళ్లు ప్రార్థనలు ఇక్కడే. నా పెళ్లీ ఇక్కడే. మేం మందిరం కట్టుకున్నాక మళ్లీ చీరలొచ్చాయి. ఆయన రోజూ నామం పెట్టుకునే మనిషి. అయినా పోయేదాకా చెప్పులతో లోపలికి రాలేదండి."

"ఇప్పుడు ఎరువులు పెడతాం," అన్నాను, మాట తుంచేద్దామని.

"పెట్టుకోండి. అదీ పంటకేగా."

ఇంతలో షావుకారుగారి కొడుకు హడావిడిగా వచ్చాడు. ఆలస్యానికి ఏదో సంజాయిషీ చెబుతూనే, కిందికైనా చూడకుండా, చెప్పులు మెట్టు మీద వదిలి లోపలికి నడిచాడు.

నేను ఆ మెట్టు మీదే కూర్చుని బూటు లేసులు విప్పసాగాను. తొందరలో ముడి బిగుసుకుపోయింది. సందు చివర బస్సు హారను మోగింది. నేను లేవలేదు.