ఉంగరం లేని పుట్టగొడుగు

డెబ్బైల చివర్లో నేను మామిడికుదురు దగ్గరి ఒక పల్లెకు కోడలిగా వచ్చేసరికే అత్తయ్యగారి రెండు కళ్ళకూ శుక్లాలు కమ్మేశాయి. మావారు మస్కట్‌లో పని చేసేవారు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నేను కాకినాడలో పెరిగాను. మా ఇంట్లో పుట్టగొడుగులు ఎప్పుడూ వండలేదు.

అత్తయ్యగారికి అవంటే ప్రాణం. చూపు ఉన్నన్నాళ్ళూ తనే ఏరుకొచ్చేవారట. నేను వచ్చాక ఆ పని నాకు అప్పగించారు. వాన వెలిశాక పాత గడ్డిమేటు దగ్గర మొదలంటా తవ్వి తెచ్చేదాన్ని. ఆవిడ అరుగు మీద కూర్చుని అడిగేవారు. గొడుగు కింద రేకులు ఏ రంగు? కాడకు అంటుకున్నాయా, ఎడంగా ఆగిపోయాయా? కాడ అడుగున పగిలిన గుడ్డుపెంకులాంటి సంచి ఉందా? గడ్డిమేటు జాతివైతే రేకులు కాడను తాకవు. లేతగా ఉన్నప్పుడు తెల్లగా ఉండి, ముదిరేకొద్దీ గులాబీ రంగుకు తిరుగుతాయి. అడుగున సంచి ఉంటుంది గాని, కాడ చుట్టూ ఉంగరంలాంటి పొర ఉండదు. నేను చెప్పిందంతా విని, వేళ్ళతో తడిమి చూసుకుని, అప్పుడు పొయ్యి వెలిగించమనేవారు.

ఒక వానాకాలం కొబ్బరితోటలో పళ్ళెమంతేసి తెల్లటివి మొలిచాయి. సంబరంగా కొంగు నిండా తెచ్చాను. కాడ వెంట పైకి జరుగుతున్న ఆవిడ వేలు మధ్యలో ఆగింది.

"ఉంగరం ఉందమ్మాయ్. ఇయ్యి మనయ్యి కాదు."

"రేకులు తెల్లగానే ఉన్నాయండి అత్తయ్యగారూ."

"ఇప్పుడలాగే ఉంటాయి. ఒకటి తెల్లగుడ్డ మీద బోర్లించు. సాయంత్రం చూద్దాం."

సాయంత్రం ఎత్తి చూస్తే గుడ్డ మీద రేకుల గీతలన్నీ గులాబీ రంగులో కాక, పాచిరంగు పొడితో అచ్చుపడి ఉన్నాయి. ఆ మాట ఆవిడకు చెప్పాను. తన చిన్నతనంలో ఇలాంటివే తిని ఇంటిల్లిపాదీ వాంతులతో మంచాన పడ్డారని, చెల్లెలు చాలా రోజులు లేవలేకపోయిందని అప్పుడు చెప్పారు.

"తొందరపడి వండేయకుండా నా దగ్గరికి తెచ్చేవు. అది చాలు" అన్నారు.

తల్లి లేకుండా పెరిగినదాన్ని. పక్కన కూర్చోబెట్టుకుని అంత ఓపికగా నాకు ఏదైనా నేర్పినవారు అంతకుముందు లేరు. ఆ అరుగు మీది ప్రశ్నలకు ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

తర్వాత అమలాపురంలో అత్తయ్యగారి కళ్ళకు ఆపరేషన్ అయింది. మందపాటి అద్దాలు పెట్టుకుని మొదటి వానకే ఆవిడ గడ్డిమేటు దగ్గరకు నడిచి వెళ్ళారు. ఏరుకొచ్చినవి నా ముందు పోసి, ఎలా ఉన్నాయో చెప్పమన్నారు.

"ఇప్పుడు మీకే కనిపిస్తున్నాయి కదండీ."

"ఆయ్, కనపడతన్నాయి. అయినా నువ్వు చెబితే వినాలని ఉంది."

ఒక్కొక్కటే తిప్పి చూపిస్తూ చెప్పాను. ఆ పూట వేళ్ళతో తడిమి చూడకుండానే, కూర నన్నే వండమన్నారు.