హెడ్మిస్ట్రెస్ గొంతు

ఫిల్మ్ నగర్ డబ్బింగ్ థియేటర్లలో నాకు ఎప్పుడూ పనిమనుషుల గొంతులే దక్కేవి. మాది సిద్దిపేట వైపు. తెలంగాణ యాస కావాలంటే నన్ను పిలిచేవారు. ఆ యాస ఎవరికయ్యా అంటే పనిమనుషులకీ, రౌడీల పెళ్ళాలకీ! ఆ రోజు కూడా ఒక బడి ఆయాకి చెప్పడానికే వెళ్ళాను. తెరమీద బొమ్మ చూస్తే ఒళ్ళు మండిపోయింది. కథలో ఆయాదీ హెడ్మిస్ట్రెస్‌దీ ఒకటే ఊరు, అదీ మా వైపు ఊరే. ఆయాకేమో మా యాస, హెడ్మిస్ట్రెస్‌కేమో అచ్చంగా కోస్తా మాట.

"గిదేంది సార్? గా ఊర్ల సదువుకున్నోల్లే లేరా?" అని డైరెక్టర్ని అడిగేశాను.

"అది కాదండీ, పెద్దావిడ కదా, కాస్త గంభీరంగా ఉంటుందనీ..." అని నసిగాడాయన. ఒంగోలు మనిషి. అటువైపు వాళ్ళంతా పెద్ద పెద్ద ఆసాములేనని నా లెక్క. ఆ కోపంలో మా అమ్మ సంగతంతా చెప్పేశాను.

"మా అమ్మ బీడీలు చుట్టుకుంటనే టీచర్ ట్రైనింగ్ సదివి, మా ఊరి బడిల టీచరైంది సార్. ఏ పిల్లన్న బడికి రాకుంటే సీదా ఇంటికే వొయ్యేది. ఆ తల్లి పక్కన కూసొని, బీడీలు చుట్టుకుంట పిల్లకు లెక్కలు చెప్పేది. ఆమె వస్తుందంటే ఊరంత లేచి నిలవడేది. ఆమె మాట్లాడేది గీ మాటనే."

ఆయన హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "మా అమ్మ పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగ్‌కి వెళ్ళేదండీ. చేతులు ఎంత కడుక్కున్నా, ఆవిడ కలిపి పెట్టిన ముద్ద చేదుగా ఉండేది."

"అయ్యో, మా ఇంట్ల గూడ గంతే సార్!"

ఎగిరి గంతేసినంత పని చేశాను. ఈయన్నా నేను ఆసామి అనుకున్నది! సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. ఇక ఇద్దరం ఆగితేనా? ఛాయ్ మీద ఛాయ్, కబురు మీద కబురు.

చివరికి, "హెడ్మిస్ట్రెస్‌కి కూడా మీరే, మీ యాసలోనే చెప్పండి. కానీ ప్రివ్యూలో ఆవిడ నోరు తెరవగానే జనం నవ్వారంటే మాత్రం మార్చేస్తానండీ" అన్నాడు.

నటి పెదవులు కదిలింది కోస్తా మాటలకి, నేను పలకాల్సింది మా యాస మాటలు. అటూ ఇటూ జరిపి అతికించేసరికి గొంతు బొంగురుపోయింది. అయినా ఎంత హుషారో నాకు!

జూబ్లీ హిల్స్‌లో ప్రివ్యూకి అమ్మను కూడా తీసుకెళ్ళాను. హెడ్మిస్ట్రెస్ తెరమీదికి రాగానే నేను తెర వదిలేసి జనం మొహాలు చూడసాగాను. "బిడ్డా, రేపు బడికి వస్తవా, నన్నే మీ ఇంటికి రమ్మంటవా?" అంది నా గొంతు. హాల్లో చప్పుడు లేదు. ముందు వరసలో ఎవరో ముక్కు చీదుకున్నారు.

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, భయంభయంగా చెవిలో అడిగింది: "ఆమె మనలెక్కనే మాట్లాడుతున్నది గదనే, ఎవ్వలు నవ్వుతలేరేంది?"