సంచి కొలతకు కోసిన బాణాలు

శనివారం ఉదయం ఆరున్నరకు విజయనగరంలో ప్యాసింజర్ ఎక్కాం, నేనూ మా పక్కింటి పార్వతి వదినా. నా భుజాన విల్లుంది, బాణాలు కావాలి; ఆవిడకు తమ్ముడి వలకు కట్టే సీసం గుళ్లు కావాలి. వదిన పుట్టింటివాళ్లు విశాఖలో సముద్రం మీద చేపల వేటకెళ్లే మనుషులు. నేను లెక్కల టీచర్ని. భుజం నొప్పి తగ్గుతుందని నలభై ఆరో ఏట విల్లు పట్టాను. నొప్పి రెండో భుజానికీ వచ్చింది గానీ విల్లు మాత్రం వదల్లేదు.

ఆదివారం మా క్లబ్బు జట్టు పోటీ. నా వెదురు బాణాలన్నీ విరిగిపోయాయి. "శనివారం సాయంత్రంలోగా కార్బన్ బాణాలు తెచ్చి నా ముందు తిన్నగా వెయ్యమ్మా. లేదంటే నీ చోటు ఇంకొకరికి" అని మాకు విలువిద్య నేర్పే మాస్టారు తేల్చేశారు. ఆ చోటు కోసం ఏడాది ఎదురుచూశాను.

ఎనిమిదికి విశాఖలో దిగాం. వన్ టౌన్‌లో బాణాల దుకాణం పదింటికి గానీ తెరవలేదు. వదిన బయట ఆటోవాడితో బేరంలో పడింది. నా విల్లు లాగుడు బలం ముప్పై పౌన్లని చెబితే, దుకాణదారు ఏడొందల నంబరు బాణం పుల్లలు తీశాడు. నాకు మెత్తనివి కావాలి, ఐదొందలవి ఇమ్మన్నాను.

"నంబరు పెరిగితేనే మెత్తన, మేడమ్."

ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నదాన్ని, తలొంచుకుని ఆరు తీసుకున్నాను. ఐదు పుల్లలకు ఈకలు అంటించి, ఒకటి బోడిగా ఉంచాడు. మొనలు విడిగా కట్టి, ఒకే మాట చెప్పాడు: "ముందే కొయ్యకండి. మీ విల్లుకి బాణం పిడి పక్కనుంచి ఒంగి పోవాలి. పొడుగు తగ్గితే ఒంగదు. బోడిది వేసి చూసుకుని, పావు అంగుళం చొప్పున తగ్గించండి."

ఆటోలో ఆ ముప్పైరెండు అంగుళాల కట్ట డ్రైవర్ చెవిలో రెండుసార్లు దూరింది. "అమ్మా, బేరం అయిపోయింది గదా, ఇంకా సెవి పొడుత్తన్నారేటి?" అన్నాడు.

పదకొండున్నరకు పూర్ణా మార్కెట్. నేను పూరీ తినేలోపు వదిన నా కట్ట కూడా పట్టుకెళ్లి, సీసం కొనుక్కుని వచ్చింది. నా బాణాలు ఆవిడ సంచిలో పడుకుని ఉన్నాయి, జిప్పు కూడా పడింది.

"ఎలా పట్టాయి వదినా?"

"పైపుల కొట్లో కోయించీసేను. మూడున్నర అంగుళాలే. నీ బాధ సూళ్లేక!"

పూరీ ప్లేటు పక్కకు తోసి, జిప్పు తీసి చూశాను.

రెండింటికి ఆనందపురంలో మా క్లబ్బు మైదానం చేరాం. రంపపు కోతను మాస్టారు వేలితో తడిమి చూశారు. తడి గరుకు కాగితంతో అంచులు నునుపు చేసి, లక్కతో మొనలు అంటించారు. బోడి బాణం వేశాను. ఎడమకు పోయి చామంతి తోటలో పడింది. మళ్లీ వేశాను. మళ్లీ చామంతులే.

"గట్టిపడిపోయాయి. కోసింది అతకలేం. ముందువైపు బరువు పెరిగితే ఒంగుతాయి గానీ, అంత బరువు మొనలు నా దగ్గర లేవు" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే కోపం ఎక్కువగా వచ్చింది. "నీకెవరు కొయ్యమన్నారు?" అని వదిన మీద అరిచాను.

వదిన సీసం పొట్లం విప్పి చాకు అడిగింది. "బరువే గదా కావాలి. అంచున సీసం లేపోతే వల మునగదు. నాను అది పుట్టినకాడి నుంచి కడతన్నాను." సన్నటి ముక్కలు ఆరు కోసింది. మాస్టారు చిన్న త్రాసులో వేస్తే, ఒక్కటి తప్ప అన్నీ సమానమే. ఆ ఒక్కదాన్నీ గీకింది. మొనలు వేడిచేసి ఊడదీసి, బోలుగా ఉన్న పుల్లల్లో సీసం దించి మళ్లీ అంటించారు.

నాలుగున్నరకు ఈకల బాణం ఒకటి, బోడిది ఒకటి వేశాను. రెండూ పక్కపక్కనే దిగాయి. ఇంకోసారి వేసినా అంతే.

"రేపు ఎనిమిదింటికి వచ్చెయ్" అన్నారు మాస్టారు. వదినను పట్టుకుని ఏడ్చేశాను. అరిచినందుకు క్షమాపణ చెప్పాలనుకున్నాను, నోరు రాలేదు.

ఐదున్నరకు విజయనగరం బస్సెక్కాం. మీరూ ఈ పని మీద విశాఖ వెళ్తే, ఆ దుకాణదారు చెప్పింది వినండి. చెప్పేటప్పుడు వెంట వచ్చినవాళ్లను కూడా లోపల కూర్చోబెట్టండి.

తగరపువలస దాటాక, ఎదుటి సీటు పెద్దాయన నా విల్లు చూసి ముచ్చటపడ్డాడు. "మా మనవరాలికీ కొనాలి. బాణాలు ఎలాటివి సూసి కొనాలమ్మా?"

నేను నోరు తెరిచేలోపే వదిన ఒళ్లో ఉన్నదాన్ని తట్టి చెప్పింది:

"ముందు సంచి సూసుకోవాలి బాబూ."

నేను అవునన్నట్టు తలూపాను.